మీరు తోడి పారబోస్తున్నది మా బావి నీళ్ళు

చెన్నైలో సెల్లార్లు తవ్వుతున్న బిల్డర్లకు, వాళ్ళ సైట్ ఇంజినీర్లకు, మేస్త్రీలకు, నమస్కారం.

మా బావికి ముప్పై ఒరలు. ఒక్కో ఒర అడుగెత్తు. గిలక దగ్గర వంగి ఒరలు లెక్కపెడితే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలిసిపోతుంది. అలా లెక్కపెట్టి కేలెండరు మీద రాసిపెట్టడం మా నాన్నగారి అలవాటు, ఆయన తరవాత నాది. సంక్రాంతికి తొమ్మిదో ఒర దగ్గరున్న నీళ్ళు ఉగాది నాటికి రెండు మూడు ఒరలు దిగడం ఏటా మామూలే. ఈ ఏడాది ఉగాది నాడు చూస్తే ఇరవై రెండో ఒర! మామూలు కన్నా పదడుగులు కిందికి పోయాయి. చేదతాడు అందక ఇంకో తాడు ముడివేయాల్సి వచ్చింది.

ఆ రెండు నెలల్లో మా వీధిలో కొత్తగా జరిగింది ఒక్కటే. మా ప్రహరీకి నలభై అడుగుల దూరంలో రెండంతస్తుల సెల్లారుకు గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. తవ్వుతున్నది ఎవరో రాయను. రాస్తే ఇది ఒకరి మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. తిరువాన్మియూరులో, వేళచ్చేరిలో, కోడంబాక్కంలో, అన్నానగర్‌లో పాత ఇళ్ళు పడగొట్టి కార్ల కోసం భూమిలోకి దిగుతున్న వాళ్ళందరికీ ఈ ఉత్తరం.

ముందే చెప్పేస్తాను, నేను బయటివాణ్ణి కాను. పునాదుల పనిలోనే ముప్పై నాలుగేళ్ళు గడిపి రిటైరయ్యాను. సెల్లార్లు వద్దని అనడం లేదు. ఈ ఇరుకు వీధుల్లో కార్లు ఎక్కడో ఒకచోట నిలవాలి.

మా ఇల్లు పశ్చిమ మాంబళంలో, లేక్ వ్యూ రోడ్డుకు దగ్గర. ఆ రోడ్డు మీద ఎంత దూరం నడిచినా చెరువు కనిపించదు. ఒకప్పుడు ఉండేది. మైలాపూరు పెద్ద చెరువు అని, లాంగ్ ట్యాంక్ అనేవారు. 1920లలో ఆ చెరువు నేల మీదే త్యాగరాయనగర్ వేశారు. మన పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు పెట్టిన ఊరు గనుక ఇక్కడి తెలుగువాళ్ళకు ఆ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు. చెరువును పూడ్చారు గానీ ఊటను ఎవరు పూడుస్తారు? మా బావి తవ్వినప్పుడు ఇసుక, నల్ల బంకమట్టి పొరలుపొరలుగా వచ్చాయని నాన్నగారు చెప్పేవారు. నేలలోకి బోరు వేసి మట్టి పొరలు రాసుకున్న మీ బోరు రిపోర్టులో కూడా అదే ఉంటుందని నా నమ్మకం. ఉంటుందనే అంటున్నాను, ఎందుకంటే చూపించమని అడిగితే 'ఆఫీసులో ఉంది' అన్నారు. ఆ మాట నేను కూడా నా ఉద్యోగంలో చాలామందికి చెప్పాను. దాని అర్థం నాకు తెలుసు.

సైట్‌లో ఒంగోలు కుర్రాడు ఒకడు ఇంజినీరు. మర్యాదస్తుడు. నీళ్ళ సంగతి అడిగితే, "చుట్టూ షీట్‌పైల్ వేశాం కదా బాబాయిగారూ, బయటి నీళ్ళు లోపలికి రావు" అన్నాడు.

"మరి ఆ రెండు పంపులూ రాత్రీ పగలూ తోడుతున్నది ఎవరి నీళ్ళు బాబూ?" అన్నాను.

నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు జవాబు అక్కడే నిలబడి చెప్పలేకపోయాను గనుక ఇక్కడ రాస్తున్నాను.

షీట్‌పైల్ అంటే అంచుల్లో కొక్కేల్లాంటి మడతలున్న పొడవాటి ఉక్కు రేకు. ఒకదాని అంచులోకి మరొకటి దూర్చి, అదురుతూ నేలలోకి దించే వైబ్రో హామర్‌తో వరసగా దించుతారు. మట్టిని అది బాగానే ఆపుతుంది. నీటి సంగతి అలా కాదు. ఆ మడతల సందుల్లోంచి నీళ్ళు కారుతాయి. దించే ముందే సందులో నీరు తగిలితే ఉబ్బే సీలెంటు పూస్తే కారడం చాలావరకు తగ్గుతుంది. మా పక్క సైట్‌లో పూయగా నేను చూడలేదు. దిగేటప్పుడు రేకు ఏ రాయికో తగిలి మడతలోంచి జారిపోతే అడుగున రెండు రేకుల మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. పైన చూస్తే గోడ నిటారుగానే ఉంటుంది. తవ్వుకుంటూ ఆ లోతుకు వెళ్ళాక బూడిదరంగు నీళ్ళు ఇసుకతో కలిసి ఎగదన్నుతాయి. అప్పుడు గోనెసంచులు కుక్కడం, చెక్క మేకులు కొట్టడం, దాని మీద ప్లేటు వెల్డింగ్ చేయడం అందరం చేసినదే. గోడ వెనక ఎంత ఇసుక పోయిందో, అక్కడ గ్రౌటు (పల్చని సిమెంటు ముద్ద) పోయాలా అన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు.

ఇదంతా సందుల సంగతి. అసలు ప్రశ్న రేకు అడుగు ఎక్కడ ఆగిందన్నది. గొయ్యి ఏడు మీటర్లు, రేకు పన్నెండు మీటర్లు అంటున్నారు. పన్నెండో మీటరు దగ్గర గట్టి బంకమట్టి తగిలి రేకు అందులోకి దిగిందా, లేక ఇసుకలోనే ఆగిందా? బంకమట్టిలోకి దిగితే గొయ్యి ఒక తొట్టి అవుతుంది. లోపలి నీళ్ళు ఒకసారి తోడేస్తే ఆ తరవాత ఊరేది కొంచెమే. ఇసుకలో ఆగితే అది అడుగు లేని తొట్టి. బయటి నీళ్ళు రేకు వెంట కిందికి దిగి, చివర చుట్టి, లోపలి నుంచి పైకి వస్తాయి. మీరు ఎంత తోడితే అంత వస్తాయి. రెండు నెలలుగా పంపుల మోత తగ్గలేదంటే మా పక్క గొయ్యి ఏ రకమో చెప్పడానికి నాకు బోరు రిపోర్టు అక్కర్లేదు.

ఇలా ఇసుకలో ఆగిన గొయ్యిలో తోడితే ఆ ప్రభావం ఎంత దూరం పోతుందో ఉజ్జాయింపుగా చెప్పే పాత సూత్రం మనమందరం కాలేజీలో చదివినదే. నీటిమట్టం ఎన్ని మీటర్లు దించామో దాన్ని 3000తో, ఇసుక పారగమ్యత (నీళ్ళు దానిలోంచి ఎంత వేగంగా పారుతాయన్న కొలత) వర్గమూలంతో గుణించాలి. ఒక మాదిరి ఇసుకకు పారగమ్యత సెకనుకు 0.0001 మీటరు, దాని వర్గమూలం 0.01. నాలుగు మీటర్లు దించితే 120 మీటర్లు వస్తుంది. ఉజ్జాయింపే కావచ్చు, సగమే అనుకుందాం. అరవై మీటర్లలో మా ఇల్లు, ఎదురింటి వాళ్ళ బోరు, పిల్లలు చదివే బడి, వీధి చివరి వినాయకుడి గుడి అన్నీ పడతాయి.

నీళ్ళు దిగితే దిగాయి, వానలు పడితే మళ్ళీ వస్తాయి కదా అంటారు. నీళ్ళు వస్తాయి, దిగిన నేల మళ్ళీ పైకి రాదు. చేద నీళ్ళలో మునిగి ఉన్నంతసేపు తాడు తేలికగా ఉంటుంది. నీళ్ళు దాటి పైకి రాగానే భుజం లాగుతుంది. మట్టి కూడా అంతే, నీటిలో ఉన్నంతకాలం దాని బరువులో కొంత నీరు మోస్తుంది. నీటిమట్టం ఒక మీటరు దిగితే కింది పొరల మీద చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను బరువు కొత్తగా పడుతుంది. మా బావిలో పోయినవి మూడు మీటర్లు. అంటే మా ఇంటి కింద బంకమట్టి మీద ఒక్కో చదరపు మీటరుకు మూడు టన్నులు, ఇంచుమించు మరో రెండంతస్తులు ఎక్కించినంత. ఇసుకైతే పెద్దగా కుంగదు. బంకమట్టి నెలల తరబడి నెమ్మదిగా కుంగుతూనే ఉంటుంది, మీరు పని ముగించి బోర్డు పీక్కుని వెళ్ళిపోయాక కూడా.

మా పూజగది గుమ్మం మీద ఏటవాలుగా ఒక పగులు వచ్చింది. పాత ఇంటికి పగుళ్ళు కొత్త కాదు. అందుకని దానికి అడ్డంగా సన్నని గాజుపట్టీ ఒకటి ప్లాస్టరుతో అతికించి పక్కన పెన్సిల్‌తో తేదీ వేశాను. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున అది విరిగి ఉంది. మా ఆవిడ ముక్కలు ఏరి కాగితంలో పొట్లం కట్టి దాచింది. ఎందుకని అడిగితే, "ఎవరైనా వచ్చి పగులు పాతదంటే చూపించడానికి" అంది.

మరో పని కూడా చేశాను, ఇది కొంచెం చాదస్తం అనుకున్నా సరే. పంపు గొట్టం వాననీటి కాలువలోకి పెట్టిన చోటికి వెళ్ళి ఒక బకెట్ నింపుకున్నాను, పది లీటర్లు. రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారాక పైనీళ్ళు వంచేసి, అడుగున మిగిలిన నుసిని స్టీలు పళ్ళెంలో ఎండబెట్టాను. మెత్తగా, వేళ్ళకు అంటుకునే బూడిదరంగు పొడి. నగల దుకాణం నడిపే మిత్రుడి త్రాసులో తూస్తే ఇరవై గ్రాములు. లీటరుకు రెండు గ్రాములన్న మాట. ఆ గొట్టం బకెట్‌ను ఒక్క సెకనులో నింపింది. ఆ లెక్కన రోజుకు 8,64,000 లీటర్లు, వాటితో పాటు 1,728 కిలోల మట్టి. దాదాపు ఒక ఘనమీటరు. నెలకు మూడు లారీల మట్టి ఎవరూ తవ్వకుండానే, ఎవరూ అనుమతి ఇవ్వకుండానే బయటికి పోతోంది. మీ గొయ్యిలో మీరు తవ్వుతున్న మట్టి కాదు అది. చాలా భాగం రేకుల వెనక నుంచి వస్తున్నది. అక్కడ ఏముందో మీకు తెలుసు, మా ప్రహరీ పునాది.

గొయ్యిలో మూల చిన్న గుంట తీసి మోటారు వేసి లాగడం అన్నిటికన్నా చవక. ఇసుకనేలలో అది అన్నిటికన్నా చెడ్డ పద్ధతి కూడా. గుంటకు వడకట్టు ఉండదు కనుక నీటితో మట్టి వస్తుంది. వెల్‌పాయింట్లు, అంటే కొసన జల్లెడ ఉండి పైనుంచి నీళ్ళు పీల్చే సన్నగొట్టాలు, వరసగా దించితే, లేదా సన్నగాట్ల గొట్టం చుట్టూ సరైన మొరుసు, గులకరాళ్ళు పోసి లోతైన పంపుబావి కడితే నీరు స్వచ్ఛంగా వస్తుంది. వెల్‌పాయింట్ ఒక దశలో ఐదారు మీటర్ల కన్నా లోతు నుంచి పీల్చలేదు, ఏడు మీటర్ల గొయ్యికి రెండు దశలో, సబ్‌మెర్సిబుల్ మోటార్లో కావాలి. ఖర్చే, కాదనను. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. నిర్మాణ సమయంలో నీళ్ళు తోడడానికి మార్గదర్శకంగా ఐఎస్ 9759 అనే భారతీయ ప్రమాణం 1981లోనే వచ్చింది.

నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో సముద్రం ఒడ్డున ఒక పనిలో నేనూ గుంట తీసి మోటార్లు వేయించాను. పక్కన ఒక ముసలావిడ ఇంటి ప్రహరీ ఒక వైపుకు ఒరిగింది. ఆవిడ వచ్చి, "నాయనా, గోడ కింద గుల్లగా మోగుతోంది, కర్రతో కొట్టి చూడు" అంది. నేను కర్ర తీసుకోలేదు. గోడ పడిపోయాక కొత్తది కట్టించి ఇచ్చాం, దాంతో లెక్క సరిపోయిందనుకున్నాం. కర్రతో కొట్టి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

ఈ మధ్య టీ కొట్టు దగ్గర మీ సైటు మేస్త్రీ కలిశాడు. శ్రీకాకుళం మనిషి. గొయ్యి అడుగున ఒక మూల ఇసుక చిన్న పుట్టలా లేచి, నడుమ నుంచి నీళ్ళు అన్నం కుండలా ఉడుకుతున్నాయని చెప్పాడు. పైవాళ్ళకు చెబితే ఇంకో మోటారు పంపించారట. అయ్యా, అది మోటారుతో తీరేది కాదు. నీట మునిగిన ఇసుక బరువు ఘనమీటరుకు ఇంచుమించు ఒక టన్నే. పైకి వచ్చే నీరు ఒక మీటరు ఇసుక దాటడానికి ఒక మీటరు ఒత్తిడి ఖర్చుపెడుతోందంటే ఆ ఇసుకకు ఇక బరువు లేనట్టే, మనిషిని కూడా నిలబెట్టదు. రేకు అడుగుకు పట్టు ఇచ్చేది ఆ ఇసుకే. అలాంటప్పుడు లోపల నీళ్ళు తోడేకొద్దీ లోపలికి బయటికి తేడా పెరిగి ఉడుకు ఎక్కువవుతుంది. మనుషుల్ని పైకి రప్పించి, నీళ్ళను పెరగనిచ్చి, ఆ చోట గులకరాళ్ళు వడకట్టులా పోసి, తరవాత ఆలోచించాలి. గొయ్యి అడుగున ఉన్నవాళ్ళలో చాలామంది మనవాళ్ళు. 2014 జూన్ 28న మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే అందులో ఉత్తరాంధ్ర కూలీలు ఎంతోమంది. అక్కడి కారణాలు వేరు. కానీ మేస్త్రీ చెప్పిన మాట పైదాకా వెళ్ళకపోతే ఏమవుతుందో ఈ ఊళ్ళో పనిచేసే తెలుగువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక వానాకాలం. మీ రేకు, దాని అడ్డదూలాలు ఏ నీటిమట్టానికి లెక్కకట్టారు? బోరు వేసింది వేసవిలో అయితే నీళ్ళు మూడున్నర మీటర్ల లోతున కనిపించి ఉంటాయి. ఏడు మీటర్ల గొయ్యిలో గోడ మీద నీటి ఎత్తు మూడున్నర మీటర్లు, మీటరు పొడవు గోడకు ఆరు టన్నుల తోపు. కార్తీకంలో నీళ్ళు నేలమట్టానికి వస్తాయి. ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగింతలు, మీటరుకు ఇరవై నాలుగు టన్నులు. చెన్నైకి ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. అది రహస్యమేమీ కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు వేళచ్చేరిలో నిర్మాణం కోసం తవ్విన లోతైన గొయ్యి నీటితో నిండి ఇద్దరు అందులో చిక్కుకుపోయారు. వాళ్ళ శరీరాలు బయటికి తీయడానికి రోజులు పట్టింది. గొయ్యి చుట్టూ గట్టు కట్టి వీధి నీళ్ళు లోపలికి రాకుండా చేయడానికి ఎన్ని ఇసుక బస్తాలు కావాలి?

వీధి నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయన్నది కూడా అడగాలి. మీరు కాలువలోకి వదిలిన ఆ మూడు లారీల నుసి అక్కడే పేరుకుంటుంది. ఎండాకాలం అది ఎవరికీ కనిపించదు. మా వైపు కాలువలు మాంబళం కాలువలోకి, అక్కడి నుంచి నందనం దగ్గర అడయారు నదిలోకి పోవాలి. మొదటి పెద్దవానకు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మేం కార్పొరేషన్‌ను తిడతాం. కాలువలో కలిసే ముందు మట్టి అడుగున పేరుకునేలా మూడు అరల సెట్లింగ్ తొట్టి ఒకటి కడితే, వారానికోసారి దాని అడుగు తోడితే సరిపోయే సంగతి ఇది.

కాలువలో పోతున్నది మంచినీళ్ళు, అది నాకు మరీ కష్టంగా ఉంటుంది. 2019 వేసవిలో ఈ ఊరి చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీళ్ళు వచ్చాయి. కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి బయలుదేరి కండలేరు దాటి పూండి చేరాలంటే ఎన్ని కాలువలు, ఎన్ని ప్రభుత్వాల ఒప్పందాలు! బావిలో నీళ్ళు తోడి లారీలో తరలించాలంటే అనుమతి కావాలన్న చట్టం ఇక్కడ 1987 నుంచి ఉంది. ప్రతి ఇంటికీ ఇంకుడుగుంత ఉండాలని 2003లో ఉత్తర్వు వచ్చింది, మేం తవ్వించాం. మా డాబా మీద పడ్డ వాన మా గుంతలో ఇంకి, నలభై అడుగులు నడిచి, మీ మోటారులోంచి కాలువలోకి పోతోంది.

నేను అడిగేవి పెద్దవి కావు. తవ్వకం మొదలయ్యే ముందు చుట్టుపక్కల ఇళ్ళ గోడలకు ఫొటోలు తీసి మాకూ ఒక ప్రతి ఇవ్వండి. రేకుకు మా వైపున రెండు పరిశీలన గొట్టాలు దించి, వారం వారం నీటిమట్టం గేటు దగ్గర బోర్డు మీద రాయండి. సిమెంటు బస్తాల లెక్క రాసే కుర్రాడే ఇది కూడా రాయగలడు. మట్టం ఒక హద్దు దాటి దిగితే తోడడం ఆపి కారణం వెతకండి. స్వచ్ఛంగా వచ్చిన నీటిని రేకు బయట, నీళ్ళు మళ్ళీ నేలలోకి ఇంకే రీచార్జ్ బావుల్లోకి తిరిగి పంపండి. మా మట్టం నిలుస్తుంది, మా గోడ నిలుస్తుంది, కొంత నీళ్ళు మళ్ళీ మీకే వస్తే ఆ కరెంటు ఖర్చు మీ గొయ్యి ఖరీదులో భాగమే అనుకోండి. పని అయ్యాక రేకులు పీకేటప్పుడు వాటికి అంటుకుని బంకమట్టి కూడా లేచివస్తుంది, ఆ సందును వెంటనే ఇసుకతో గానీ గ్రౌటుతో గానీ నింపండి. లేకపోతే అన్నాళ్ళు నిలబడ్డ గోడ మీరు వెళ్ళే రోజున కుంగుతుంది.

మీ మేలు కోరి ఇంకొకటి. స్లాబు పడింది కదా అని మోటార్లు తొందరపడి ఆపకండి. ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న సెల్లారు కింద మూడు మీటర్ల నీటి ఒత్తిడి చేరితే అది 1,800 టన్నులతో పైకి తోస్తుంది. పైన అంతస్తుల బరువు పడకముందే ఆపితే మీ సెల్లారు పడవలా లేస్తుంది. కరెంటు పోయిన రాత్రి కూడా అంతే. జనరేటరు, అదనపు మోటారు సైట్‌లో ఉండాలి, వాటిని నడపడం తెలిసిన మనిషి కూడా సైట్‌లోనే పడుకోవాలి.

ఉగాది తరవాత మా బావి ఒరల మీద ఐదేసి ఒరలకొక ఎర్ర గీత గీయించాను, పైనుంచి కూడా కనిపించేలా. ఈ ఉదయం నీళ్ళు ఇరవై నాలుగో ఒర దగ్గర ఉన్నాయి. ఆరు గంటలకల్లా గేటు తీసి ఉంటుంది. ఒంగోలు కుర్రాణ్ణి పంపండి, టేపు తెచ్చుకోమనండి. కాఫీ ఇస్తాం, అది మాత్రం ట్యాంకరు నీళ్ళతో.

ఇట్లు,
పశ్చిమ మాంబళం నుంచి ఒక రిటైర్డు సివిల్ ఇంజినీరు